మూడో రోజు ముక్కులోంచి రక్తం

చిత్తూరు దగ్గర మా మామ వాళ్లు శెనక్కాయ మూటల సందుల్లో ఎలుకలకని నీలం కేకు ముక్కలు పెట్టారు. సాయంత్రానికి రెండు ముక్కలు మాయం, వాళ్ల కుక్క రాజా మూతి నాక్కుంటా కూర్చునుంది. "ఏం కాలేదులేరా, చూడు ఎట్లా ఎగురుతోందో" అన్నాడు మామ. రెండు రోజులు బాగానే ఎగిరింది. మూడో రోజు చిగుళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోయి, మూలన కూలబడింది, ముక్కులోంచి రక్తం.

ఆ కేకులో ఉండేది బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు, అదీ 0.005 శాతమే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లని లివర్ విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది, వాడేసిన విటమిన్‌ని ఒక ఎంజైము మళ్లీ పనికొచ్చేలా చేస్తుంది. మందు పట్టుకుని ఆపేసేది ఆ ఎంజైమునే. కాకపోతే అప్పటికే రక్తంలో ఉన్న సరుకు ఖర్చయ్యేదాకా, అంటే మూడు నుంచి ఐదు రోజులు, పైకి ఏమీ కనిపించదు. మామని మోసం చేసింది ఆ పాత సరుకే.

దీని కథ మొదలైంది పశువుల దగ్గరే. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు, చచ్చిపోయిన ఆవునీ, గడ్డకట్టని రక్తం నింపిన డబ్బానీ మంచులో మోసుకుని రసాయన శాస్త్రవేత్త కార్ల్ లింక్ ల్యాబుకి వచ్చాడు. ఆవులు తిన్నది బూజు పట్టిన గడ్డి. ఆ గడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వనిది ఏమిటా అని లింక్ చేసిన పరిశోధనలోంచే 1948లో వార్ఫరిన్ ఎలుకల మందుగా బజారుకొచ్చింది. కొన్నాళ్లకి ఎలుకలు దానికి లొంగడం మానేశాయి, అప్పుడు బ్రోమాడియోలోన్ లాంటివి వచ్చాయి. ఇవి లివర్‌లో వారాల తరబడి తిష్ఠ వేస్తాయి.

అందుకే తిన్న గంటా రెండు గంటల్లో కుక్కని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే వాంతి చేయించి బయటపడెయ్యొచ్చు. ఉప్పునీళ్లు పోసి మీరే కక్కించే ప్రయత్నం మాత్రం వద్దు, అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఆ మందు కాగితమో డబ్బానో కూడా పట్టుకెళ్లండి, ఎందుకంటే మన చేలల్లో నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు 2 కలిపి పెట్టే ఆ నల్లపొడి వేరే రకం: జింక్ ఫాస్ఫైడ్. కడుపులో యాసిడ్ తగలగానే ఫాస్ఫీన్ గ్యాసు పుడుతుంది, గంటల్లోనే పని అయిపోతుంది, విరుగుడు లేదు. తిండి పెడితే యాసిడ్ ఇంకా ఊరుతుంది, కాబట్టి "పాపం, రెండు ముద్దలు పెడదాం" అనుకోకూడదు.

రాజాకి ఇంకో కుక్క రక్తం ఎక్కించారు, తర్వాత నాలుగు వారాలు విటమిన్ కె1 బిళ్ళలు. కొవ్వుతో కలిస్తే ఆ బిళ్ళ ఒంటికి బాగా పడుతుందట, మా అత్త రోజూ నెయ్యన్నం ముద్దలో పెట్టి తినిపించింది. ఆఖరి బిళ్ళ వేశాక రెండు రోజులాగి రక్తం గడ్డకట్టే టెస్టు చేశారు. రిపోర్టు వచ్చేదాకా మామ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.