గేమ్ పెట్టె తెరమీద వణికిన నీడ

చిరంజీవులు బుజ్జికీ, చంటికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు సావిట్లో గేమ్ పెట్టె ఆన్ చేసి, "తాతయ్యా, బొమ్మ ఈదుతోందేంటి?" అని అడిగారు. కనుమ నాడు ఇంటినిండా జనం, ప్రభల తీర్థానికి బయల్దేరే హడావిడి. తర్వాత చూద్దాంలే అని తప్పించుకున్నాను. మీరు బస్సెక్కిన మర్నాడే వెనక చెక్క విప్పాను. మూడు రోజులు పట్టింది. పనికంటే ఆలోచనకే ఎక్కువ పట్టింది. ఆ సంగతే రాస్తున్నాను.

ముందు ఆ పెట్టె మనింటికి ఎలా వచ్చిందో చెప్పాలి. భీమవరంలో ఒకాయన వీడియో గేమ్ షాపు నడిపేవాడు. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. 1991లో జపాన్‌లో పుట్టిన స్ట్రీట్ ఫైటర్-2 మన ఊళ్ళకు వచ్చాక కుర్రాళ్ళు కాలేజీ ఎగ్గొట్టి మరీ అక్కడ నిలబడేవాళ్ళు. ఆ పెట్టెలన్నీ రిపేరు చేసింది నేనే. షాపు మూసేసినప్పుడు నాకు ఇవ్వాల్సిన డబ్బులకు బదులు ఈ పెట్టె లారీలో వేసి పంపించాడు. మీ నాయనమ్మ ఇప్పటికీ అది తల్చుకుని సణుగుతుంది.

తెరమీద మీరు చూసినవి నిజానికి రెండు రోగాలు. ఒకటి, వెడల్పాటి నీడ పైనుంచి కిందకు వణుకుతూ పోవడం. రెండోది, బొమ్మంతా సన్నటి ఏటవాలు గీతలు. మీ కంటికి రెండూ కలిసి ఈదుతున్నట్టు కనిపించాయి.

అది పాత పిక్చర్ ట్యూబు తెర. మీ ఫోను తెరలా బొమ్మ మొత్తం ఒకేసారి వెలిగేది కాదు. వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార వచ్చి ఎడమ నుంచి కుడికి ఒక్కో వరసే గీస్తుంది. సెకనుకు సుమారు 15,700 వరసలు. 260కి పైగా వరసలు అయ్యేసరికి ఒక బొమ్మ పూర్తవుతుంది. అలా సెకనుకు దాదాపు 60 బొమ్మలు. నాట్లు వేసే ఆడవాళ్ళు వరస ముగించి మళ్ళీ గట్టు దగ్గరికి వచ్చి ఇంకో వరస మొదలుపెట్టరూ, అలాగే. ఈ ధార వేగం మాత్రం మన ఊహకు అందేది కాదు.

ఈ లెక్క తెలిస్తే నీడని చూసే దాని పుట్టుక చెప్పొచ్చు. నిదానంగా పుట్టే అల్లరి ఎన్నో వరసల మీద పరుచుకుని వెడల్పాటి నీడవుతుంది. వేగంగా పుట్టేది ఒక్క వరసలోనే ఒకటికి మించిన సార్లు తగిలి సన్నటి గీతలవుతుంది. మన ఇళ్ళకొచ్చే కరెంటు లయ సెకనుకు 50. దూరదర్శన్ బొమ్మ కూడా సెకనుకు 50 సార్లే గీస్తారు. అందుకే వెనకటి టీవీల్లో ఈ రోగం వస్తే నీడ కాలువలో పడవలా తాపీగా పాకేది. ఈ పెట్టెలో ఆటను నడిపే సర్క్యూట్ బోర్డుది 60. యాభైకీ అరవైకీ తేడా పది కదా, సెకనుకు పదిసార్లు కొట్టుకుంటుంది. పడవలా పాకదు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. కాబట్టి వణికే నీడ కరెంటు లయదే. అది ఏ దారిన బొమ్మలోకి దూరిందన్నదే మిగిలిన ప్రశ్న.

ఇక్కడ చాలామంది మెకానిక్కులు ఆలోచించరు, కరెంటును నిలవుంచి ఎగుడుదిగుళ్ళు సమం చేసే కండెన్సర్లు మార్చేస్తారు. నాకు అది నచ్చదు. కండెన్సర్లు ఎండిపోయే మాట నిజమే. మానిటరుకు కరెంటు అందించే సప్లైలో పెద్ద కండెన్సరు ఎండితే నీడ వస్తుంది. కానీ అప్పుడు బొమ్మ అంచులు కూడా నిటారుగా ఉండవు, పాములా మెలికలు తిరుగుతాయి. అంచులు చూడకుండా టంకం కాల్చడం ఏం పని?

చూడ్డానికి ఒక ఉపాయం ఉంది. ఆట బోర్డు నుంచి వచ్చే బొమ్మ తీగల కనెక్టరు పీకేసి, ఎల్.ఓ.టి. (ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మీద ఉండే స్క్రీన్ నాబ్ కాస్త పెంచితే తెర ఖాళీగా బూడిద రంగులో వెలుగుతుంది. నీడ ఇంకా ఉంటే మానిటరుదే తప్పు. నాకు తెర శుభ్రంగా, అంచులు గీత గీసినట్టు కనిపించాయి. అంటే రోగం బయటినుంచి తీగల్లో వస్తోంది.

ఇదంతా చదివి మీరు స్క్రూడ్రైవరు పట్టుకోకండర్రా. ఆ ట్యూబులోకి వెళ్ళేది ఇరవై వేల వోల్టుల పైమాటే. ప్లగ్గు తీసేశాక కూడా ట్యూబు గాజే దాన్ని దాచుకుంటుంది. సప్లైలో పెద్ద కండెన్సరు దగ్గర మూడొందల వోల్టులు నిలవుంటాయి. నాకు పాతికేళ్ళప్పుడు చెయ్యి తగిలి, ఆ ఉలుకులో మోచెయ్యి పెట్టె అంచుకు కొట్టుకుంది. మచ్చ మీరు చూశారు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డానని చెప్పాను, అబద్ధం. అప్పట్నుంచి రెండో చెయ్యి జేబులో పెట్టుకునే పని చేస్తాను.

ఇక తీగలు. బోర్డు నుంచి మానిటరుకు ఐదు వెళ్తాయి: ఎరుపు, పచ్చ, నీలం, వరసలకు తాళం వేసే సింకు, ఐదోది గ్రౌండు, అంటే కరెంటు తిరిగొచ్చే దారి. చాలామందికి ఆ ఐదోదంటే లోకువ. మన డెల్టా పిల్లలకు అది తేలిగ్గా అర్థమవుతుంది. చేనుకు పంట బోదె ఒకటుంటే సరిపోదు, మురుగు కోడు కూడా ఉండాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు రావడం తేలికైంది గానీ పోవడమే ఇప్పటికీ మన బాధ. యనమదుర్రు డ్రైను పొంగిన ఏడు చేలు ఎలా ఉంటాయో మీ నాన్నని అడగండి. మురుగు పూడిపోతే నీళ్ళు ఆగిపోవు, పక్కవాడి చేలోంచి దారి చేసుకుంటాయి. కరెంటూ అంతే. వెళ్ళింది తిరిగి రావాలి.

మల్టీమీటరు పెట్టి గ్రౌండు తీగ ఈ కొస నుంచి ఆ కొసకు చూశాను. బీప్ అంది. బాగానే ఉందనుకుని పొద్దంతా వేరేచోట వెతికాను. సాయంత్రం టీ తాగుతుంటే తట్టింది. కనెక్టరు బోర్డుకే తగిలించి ఉంది కదా, బీప్ అసలు తీగలోంచి వచ్చిందో, చుట్టుదారిన ఆట బోర్డు సప్లై గ్రౌండు మీదుగా వచ్చిందో ఎవరికి తెలుసు? కనెక్టరు బయటికి లాగి తీగ ఒక్కదాన్నే చూశాను. బీప్ లేదు.

ఆ కనెక్టరు 1985 నాటి జపాన్ పద్ధతిది, అటు 28, ఇటు 28, మొత్తం 56 పిన్నులు. బూతద్దం పెడితే గ్రౌండు పిన్ను మెడ దగ్గర ఆకుపచ్చటి చిలుము. మన సముద్రపు గాలికి రాగి అలాగే అవుతుంది. తీగ పైకి అతుక్కున్నట్టే ఉంది, గోటితో గిల్లితే ఊడొచ్చింది. దాంతో బొమ్మ కరెంటు తిరిగొచ్చే దారి లేక సప్లై గ్రౌండులోంచి పోతోంది. సప్లైలోంచి ఎర్తుకు జారే మెయిన్స్ లీకేజీ కూడా అదే దారి. ఆ 50 లయే బొమ్మ మీద ఎక్కింది.

బోర్డు అంచు పిన్నుల్ని చంటి వదిలేసి వెళ్ళిన పెన్సిలు రబ్బరుతో రుద్దాను, ఇత్తడి చెంబులా మెరిశాయి. కనెక్టరులో పిన్ను మార్చి, మానిటరు గ్రౌండుకు కాస్త లావు తీగ నేరుగా లాగాను. ఈ మానిటరుకు ముందు, ఇంటి కరెంటు నేరుగా తగలకుండా విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కాబట్టి అలా చేయగలిగాను. అది లేని పెట్టెల్లో మానిటరు చాసిస్సే షాక్ కొట్టొచ్చు. ఆన్ చేశాను. నీడ లేదు. మీ నాయనమ్మని పిలిచి చూపిస్తే, "ముందేమైనా ఉండేదా?" అంది.

ఏటవాలు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి ఎందుకు ఏటవాలుగా ఉంటాయంటే, ఆట బోర్డుకు కరెంటు ఇచ్చే సప్లై పెట్టె సెకనుకు కొన్ని పదుల వేలసార్లు స్విచ్ అవుతుంది, దాని లయ వరసల లయతో కలవదు. ప్రతి వరసలోనూ మచ్చ కిందటిసారికంటే కాస్త పక్కన పడుతుంది. నాట్లలో ఒక్కో వరస జానెడు పక్కకి జరిపి మొదలుపెడితే చేను వాలుగా కనిపిస్తుందే, అదే. చూస్తే ఎవరో పాతకాలం మెకానిక్కు బొమ్మ తీగల్నీ సప్లై తీగల్నీ కలిపి ఒకే జడ అల్లాడు. అందంగా ఉంది, పని మాత్రం తప్పు. ఆ మెకానిక్కు నేనే, ముడి చూస్తే తెలిసింది. జడ విప్పి, సప్లై తీగలు ఎడమ గోడకు, బొమ్మ తీగలు కుడి గోడకు కొట్టాను. గీతలు ముప్పాతిక పోయాయి. ఆ సప్లై పెట్టెలో ఐదు వోల్టుల దగ్గర కండెన్సరు నెత్తి ఉబ్బి కనిపిస్తే అప్పుడు, అప్పుడు మాత్రమే, అది మార్చాను. మిగిలినవీ పోయాయి.

ఇప్పుడు బొమ్మ అద్దంలా ఉంది. రెండో ఆటగాడి వైపు మూడో బటన్ మాత్రం గట్టిగా రెండుసార్లు నొక్కితే గానీ పలకడం లేదు. దాని కింద చిన్న స్విచ్ ఉంటుంది, అక్కడ ఐదు వోల్టులే, భయం లేదు. అది బుజ్జి పని. మామిడిపళ్ళ రోజులకి వచ్చేయండి, పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది.

మీ తాతయ్య