“ఆధార్ లింకు అయింది” అంటే ఏ లింకు?

కర్నూలులో అర్జీలు, దరఖాస్తులు రాసిపెట్టడం నా వృత్తి. “లింకు అయిందన్నారయ్యా, మరి డబ్బు ఎందుకు పడలేదు?” అన్న ప్రశ్న వినని రోజు లేదు. తప్పు అడిగేవాళ్లది కాదు, ఆ మాటది. మామిడికి అంటు కడతాం, చిరిగిన గుడ్డకు అతుకు వేస్తాం, ఎడ్లను జత కడతాం, చొక్కాను కొక్కేనికి తగిలిస్తాం. ఒక్కో పనికి ఒక్కో మాట ఉన్న భాష మనది. కార్యాలయాల్లో మాత్రం అన్నిటికీ ఒకటే: నోటితో చెబితే లింకు, కాగితం మీద రాస్తే అనుసంధానం.

అపోహ: బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కాబట్టి పథకం డబ్బు ఆ ఖాతాలోనే పడుతుంది.

వాస్తవం: పడకపోవచ్చు. బ్యాంకు మీ ఆధార్ నంబరును తన రికార్డులో రాసుకోవడం కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో తేల్చుకోవడం. ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) పట్టికలో నమోదు కావడం వేరే పని. దాన్ని సీడింగ్ అంటారు, మ్యాపింగ్ అనీ అంటారు. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది. చివరిసారి ఎక్కడ సీడింగ్ జరిగిందో డబ్బు అక్కడికే పోతుంది. సుంకేసుల ఆనకట్ట నుంచి కె.సి. కాలువకు నీళ్లు వదిలినంత మాత్రాన మీ పొలం తడుస్తుందా? మీ తూము తెరిచి ఉండాలి కదా!

నందికొట్కూరు వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. పీఎం కిసాన్ మూడు విడతలు, అంటే ఏడాదికి వచ్చే 6,000 రూపాయలూ రాలేదు. బ్యాంకుకు రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ “లింకు అయింది” అని పంపేశారట. “నా పేరు కొట్టేశారేమో నాయనా” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పొదుపు సంఘం అప్పు కోసం ఇంకెక్కడైనా ఖాతా తెరిచావా అమ్మా అని అడిగాను. తెరిచింది. ఆ పుస్తకం ఇంట్లో పెట్టె అడుగున చీరల కింద ఉంది. మర్నాడు తెచ్చి పద్దు వేయిస్తే మూడు విడతలూ అందులోనే కనిపించాయి. రెండుసార్లు బస్సు చార్జీలు, రెండు రోజుల కూలి పోగొట్టుకున్నాక!

కాబట్టి బ్యాంకులో “లింకు అయిందా?” అని అడగకండి. “నా ఆధార్ ఈ ఖాతాకు ఎన్‌పీసీఐలో మ్యాప్ అయిందా?” అని అడగండి. కాలేదంటే అంగీకార పత్రం రాసిచ్చి చేయించుకోండి. మై ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ వివరం చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. అందుకు ఓటీపీ రావాలి, ఓటీపీ రావాలంటే మీ ఫోను నంబరు ఆధార్‌లో నమోదై ఉండాలి. ఇది మూడో లింకు. బ్యాంకు ఖాతాకు లింకు చేసినంత మాత్రాన ఇది జరగదు, ఆధార్ కేంద్రంలో చేయించుకోవచ్చు. పాన్‌తో ఆధార్ కలపడం మరొకటి, అది ఆదాయపు పన్ను సంగతి. పథకం డబ్బు పడకపోవడానికి అది కారణం కాదు.

అపోహ: సీడింగ్ చేయిస్తే ఆధార్ నంబరు తెలిసిన ఎవరైనా డబ్బు తీసేస్తారు.

ఈ పుకారు పుట్టించినవాళ్లకు ఏం లాభమో గానీ, దీన్ని నమ్మి డబ్బు వదులుకున్నవాళ్లు నాకు తెలుసు. నంబరు ఒక్కటే ఉంటే డబ్బు రాదు. ఆధార్‌తో నగదు తీయాలంటే వేలిముద్ర వంటి గుర్తింపు కావాలి. భయంగా ఉంటే వేలిముద్రలకు తాళం వేసుకునే సదుపాయం ఉంది, అవసరమైనప్పుడు ఆ తాళం తెరుచుకోవచ్చు. సందేహముంటే ఆధార్ సహాయ నంబరు 1947కు ఫోను చేయండి. చుట్టాల వాట్సాప్ సందేశాలు నమ్మకండి.

అపోహ: దరఖాస్తులో “జతపరచవలెను” అన్నా “అతికించవలెను” అన్నా ఒకటే.

కాదు. అతికించాల్సింది ఫొటో, జిగురుతో. జతపరచాల్సినవి ధ్రువపత్రాల నకళ్లు, పిన్నుతో. ఒక తండ్రి తన కొడుకు పదో తరగతి మార్కుల జాబితాను, అసలుదాన్నే, దరఖాస్తు వెనక జిగురు పూసి అంటించి తెచ్చాడు. ఆవిరి పట్టి ఊడదీయడానికి ఇద్దరం ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. కాగితం ఊడింది గానీ ముద్రలో సగం దరఖాస్తుకే ఉండిపోయింది. రెండో ప్రతి కోసం ఆ రోజే ఇంకో అర్జీ రాశాను.