ఆటిజంపై మళ్లీ రగడ: 1999లో హ్యూస్టన్‌లో తేలింది ఏమిటి?

అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం ఉందని 2025 ఏప్రిల్‌లో లెక్క వెలువడింది. వెంటనే ఆరోగ్య మంత్రి రాబర్ట్ కెనెడీ జూనియర్ నేరాన్ని పరిసరాల్లోని విషాల మీద మోపారు. జన్యువులు ఇంత ఉధృతి తెచ్చిపెట్టవన్నారు. సెప్టెంబరు 22న అధ్యక్షుడు ట్రంప్, ఆటిజం ముప్పు ఉందంటూ గర్భిణులను పారాసెటమాల్‌కు దూరంగా ఉండమన్నారు. జ్వరం వస్తే మన ఇళ్లలోనూ ముందుగా చేతికందే మాత్ర అదే. స్వీడన్‌లో సుమారు 24.8 లక్షల మంది పిల్లల వివరాలను పరిశీలించి, తోబుట్టువులతో పోల్చి చూస్తే, ఆ మాత్రకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదని 2024లోనే తేలింది.

అయినా విషాల వాదనకు అంత బలం ఎక్కడిది? తల్లిదండ్రుల అనుభవం నుంచి వచ్చింది. మా వంశంలో ఎవరికీ లేదు, ఏడాది దాకా పాప బాగానే ఉంది, మరి ఇది పుట్టుకతో వచ్చిందెలా అవుతుంది? న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు కోసం అమెరికాలోని హ్యూస్టన్‌లో పనిచేసే వైద్యురాలు, జన్యు పరిశోధకురాలు హుదా జోగ్బీ 16 ఏళ్లు వెతికారు.

బీరూట్ నుంచి అమెరికా చేరిన ఆమె వలస కథ, అందుకున్న బహుమతుల జాబితా చాలామందికి తెలిసినవే. ఇప్పటి వివాదానికి కావలసింది 1983 తరువాతి కథ. ఆ ఏడాది స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ హాగ్‌బెర్గ్, ఆయన సహచరులు 35 మంది ఆడపిల్లల గురించి రాశారు. వాళ్లు మామూలుగానే పెరిగి, ఆ తరువాత మాటను, చేతుల వాడకాన్ని కోల్పోయిన పిల్లలు. ఆ వ్యాసం శీర్షికలోనే ఆటిజం, డిమెన్షియా (బుద్ధి క్షీణించడం) రెండూ ఉన్నాయి. హ్యూస్టన్‌లో శిక్షణలో ఉన్న జోగ్బీ అదే ఏడాది అలా చేతులు నులుముకుంటున్న పాపను చూశారు. అది రెట్ సిండ్రోమ్.

దాదాపు అన్ని కుటుంబాల్లోనూ ఒక్క పాపకే ఆ జబ్బు. తరతరాలుగా వచ్చే జబ్బయితే బంధువుల రక్త నమూనాలు పోల్చి జన్యువు జాడ పట్టవచ్చు. ఇక్కడ పోల్చడానికి ఇంకొకరు లేరు. అసలిది జన్యువ్యాధేనా అని తోటివారు సందేహించారు. ఆ వెతుకులాట సాగుతుండగానే ఆమె మరో జబ్బును చేపట్టారు. నడక తడబడి, మింగడం కష్టమై, చివరికి ప్రాణం తీసే ఎటాక్సియా ఒక రకం. అది తరాల వెంట దిగే జబ్బు కాబట్టి పద్ధతి పనిచేసింది. 1993లో ఒకే రోజున ఆమె, మిన్నెసోటాలోని హ్యారీ ఆర్ దాని జన్యువును పట్టుకున్నారు.

రెట్ సిండ్రోమ్ జన్యువు 1999లో దొరికింది. జోగ్బీ ప్రయోగశాలలో రూతీ అమీర్ ఎక్స్ క్రోమోజోమ్ మీద మెక్‌పీ2 అనే జన్యువులో మార్పులు గుర్తించారు. తల్లిదండ్రుల రక్తంలో ఆ మార్పు లేదు. అది పిల్లలో కొత్తగా వచ్చినది, ఎక్కువ సందర్భాల్లో తండ్రి వీర్యకణంలో పుట్టినది. తండ్రి ఎక్స్ కూతురికే వెళుతుంది కాబట్టి జబ్బు ఎక్కువగా ఆడపిల్లల్లో కనిపిస్తోంది. మన దగ్గర బిడ్డకు ఏ లోపం వచ్చినా ముందు తల్లినీ, ఆపై మేనరికాన్నీ తప్పుపట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలని నాకు అనిపిస్తుంది. వంశంలో లేకపోయినా, ఏడాది దాకా బయటపడకపోయినా కారణం జన్యువే కావచ్చని అప్పుడు రుజువైంది.

రెట్ అసలు ఆటిజమే కాదని కొందరు అంటారు. ఆటిజం కోవకు చెందిన రుగ్మతల్లో దాన్ని 1994లో చేర్చిన అమెరికా మానసిక వైద్యులు 2013లో తీసేసిన మాట నిజం. అయితే పిల్లల, తల్లిదండ్రుల జన్యువులను పక్కపక్కన పెట్టి కొత్త మార్పులను వెతికే దారిలోనే ఆటిజం పరిశోధన ముందుకు సాగింది. 2020లో ఒక పెద్ద అధ్యయనం 102 జన్యువులను గుర్తించింది. కొత్త మార్పుల వల్లే సంఖ్య పెరిగిందని ఎవరూ అనడం లేదు. నిర్వచనం విస్తరించడం, గుర్తింపు పెరగడం ఆ పెరుగుదలలో పెద్ద భాగం.

చికిత్స కూడా ఈ దారిలోనే వస్తోంది, కానీ జాగ్రత్తగా. మెక్‌పీ2 జన్యువు తయారుచేసే ప్రోటీన్ రెట్టింపైనా ఎలుకలు జబ్బుపడతాయని జోగ్బీ బృందం 2004లో చూపింది. 2023లో రెట్‌కు తొలి మందు ట్రోఫినెటైడ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. 2024లో ఒక జన్యుచికిత్స ప్రయోగంలో ఎక్కువ మోతాదు అందుకున్న బాలిక మరణించడంతో ఆ మోతాదు ఆపేసి, తక్కువ మోతాదుతో కొనసాగిస్తున్నారు.

పారాసెటమాల్ ప్రకటన వెలువడిన సెప్టెంబరు 22నే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఆటిజం పరిశోధనకు 5 కోట్ల డాలర్లకు పైగా కేటాయించాయి. ఆ డబ్బుతో జన్యువులనూ పరిసరాలనూ కలిపి పరిశీలిస్తారు.