రెండు జీపీయూలు పెడితే మెమరీ కలిసిపోతుందా? మల్టీ జీపీయూ వర్క్‌స్టేషన్ మీద అపోహలు - వాస్తవాలు

సైంటిఫిక్ కంప్యూటింగ్ మెషీన్లు బిగించడం నా పని. ఈ పనిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది జీపీయూలు, అంటే లెక్కలకు కూడా వాడే గ్రాఫిక్స్ కార్డులు, కొనేశాక వచ్చే ఫోన్. "సార్, 24 జీబీ కార్డులు రెండు పెట్టాం. 32 జీబీ ప్రాబ్లమ్ ఎక్కడం లేదు. డ్రైవర్‌లో ఏదైనా తప్పుందా?" అని అడుగుతారు. డ్రైవర్ బాగానే ఉంటుంది. కొనేముందు ఎవరో చెప్పిన మాటే తప్పు.

అపోహ: 24 జీబీ కార్డులు రెండు పెడితే 48 జీబీ అవుతుంది.

అవదు. ఒక్కో కార్డు మెమరీ దానిదే. మదర్‌బోర్డు గానీ, డ్రైవర్ గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ గానీ ఆ రెండింటినీ కలిపి ఒకే కార్డులా మీ ప్రోగ్రామ్‌కు చూపించవు. ప్రాబ్లమ్‌ను ముక్కలు చేసి ఏ ముక్క ఏ కార్డుకో పంచేలా ప్రోగ్రామ్‌ను రాసి ఉండాలి. అలా రాయకపోతే రెండో కార్డు ఊరికే కూర్చుంటుంది.

ఒక పరిశోధక విద్యార్థిని ఇదే సమస్యతో వచ్చింది. ఫ్లూయిడ్ సిమ్యులేషన్, 1024 × 1024 × 1024 గ్రిడ్, సింగిల్ ప్రెసిషన్ (ఒక్కో సంఖ్యకు 4 బైట్లు). ఒక్కో అరే, అంటే గ్రిడ్ పాయింట్లన్నింటి విలువల పట్టిక, 4 జీబీ; అలాంటివి ఎనిమిది, మొత్తం 32 జీబీ. మెషీన్‌లో రెండు ఆర్‌టీఎక్స్ 3090 కార్డులున్నాయి. ప్రోగ్రామ్ నడిపించి, పక్కన ఎన్‌వీడియా-ఎస్ఎమ్ఐ (ఏ కార్డు ఎంత పని చేస్తోందో చూపించే టూల్) తెరిచి చూశాం. మొదటి కార్డులో మెమరీ 4, 8, 12 అంటూ 20 జీబీ దాకా ఎక్కింది. ఆరో అరే దగ్గర 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఆగిపోయింది. రెండో కార్డు వరుసలో మొదటి నుంచీ సున్నా శాతమే. ఆ అమ్మాయి ఆ సున్నానే చూస్తూ ఉండిపోయింది. ల్యాబ్ బడ్జెట్ అంతా అందులోనే పెట్టారు, సలహా ఇచ్చినవాళ్లు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. తప్పు ఆమెది కాదని ముందు అదే చెప్పాను.

ఇక్కడ అందరూ ఎన్‌వీలింక్ (రెండు కార్డులను నేరుగా కలిపే లింక్) పేరెత్తుతారు. 3090కి ఎన్‌వీలింక్ ఉంది, 4090కి అసలు లేదు. ఉన్నచోట కూడా అది రెండు కార్డుల మధ్య వేసిన మంచి రోడ్డు, అంతే. 3090లో ఆ రోడ్డు మీద ఒక వైపుకు సెకనుకు సుమారు 56 జీబీ వెళ్తుంది. అదే కార్డు తన సొంత మెమరీని సెకనుకు 936 జీబీ వేగంతో చదువుతుంది. పక్క కార్డులోని డేటాను సొంత డేటాలా వాడుకుంటే పని పదిహేను రెట్లకు పైగా నెమ్మదిస్తుంది. యూనిఫైడ్ మెమరీ (కార్డులో పట్టని డేటాను కంప్యూటర్ మెమరీలో ఉంచి, కావాల్సినప్పుడు తెచ్చే పద్ధతి) పెడితే ప్రోగ్రామ్ ఆగకుండా నడుస్తుంది గానీ, డేటా ముక్కలు పీసీఐఈ (కార్డును మదర్‌బోర్డుకు కలిపే దారి) మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. గంటలో అయ్యే పని రోజులు పట్టడం చూశాను.

మరి ముక్కలు చేస్తే లాభం ఉంటుందా? అది ఆల్గారిథమ్‌ను బట్టి ఉంటుంది. ఆమె కోడ్‌లో ఒక్కో పాయింట్‌కు పక్క పాయింట్లతోనే పని. గ్రిడ్‌ను మధ్యకు కోస్తే, ప్రతి స్టెప్పుకు కోత దగ్గరి ఒక పొరను మాత్రం మార్చుకోవాలి. ఒక్కో అరేకు 4 ఎంబీ, ఎనిమిదింటికీ 32 ఎంబీ. పీసీఐఈ 4.0లో పదహారు లేన్లూ (డేటా వెళ్లే వరుసలు) దొరికితే ఒకటిన్నర మిల్లీసెకను లోపే. తన వంతు 16 జీబీని ఒకసారి చదవడానికే కార్డుకు 17 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మార్పిడి ఖర్చు లెక్కలోకి రాదు, రెండు కార్డులూ కష్టపడతాయి.

అదే 3డీ ఎఫ్ఎఫ్‌టీ (గ్రిడ్ మొత్తం డేటాను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ట్రాన్స్‌ఫార్మ్) అయితే కథ మారిపోతుంది. అంతే గ్రిడ్‌కు సింగిల్ ప్రెసిషన్ కాంప్లెక్స్ అరే 8 జీబీ. ఒక్కో కార్డులో 4 జీబీ ఉంటే, మధ్యలో ట్రాన్స్‌పోజ్ (డేటా వరుసలను తిప్పి పేర్చడం) కోసం అందులో సగం, అంటే 2 జీబీ, అవతలి కార్డుకు పంపాలి. పీసీఐఈ మీద అదే 80 మిల్లీసెకన్లు. ఇంచుమించు ఆ టైములో ఒక్క కార్డు మొత్తం ట్రాన్స్‌ఫార్మ్ పూర్తి చేసేస్తుంది. రెండో కార్డు కొని స్పీడు తగ్గించుకున్నట్టు అవుతుంది. "ఎన్ని కార్డులుంటే అన్ని రెట్లు" అని అందరికీ ఒకే లెక్క చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి. మీ కోడ్ ఏమిటో అడగకుండా కార్డుల సంఖ్య ఎవరూ చెప్పలేరు.

అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మీ ప్రాబ్లమ్ ఒకటి ఒక కార్డులో పడుతుందా? పడితే ఏ దిగులూ లేదు. ఒక్కో కార్డు మీద ఒక్కో జాబ్ విడిగా నడపండి, నాలుగు కార్డులు నాలుగు రెట్లు పని చేస్తాయి. పడకపోతే, ప్రాబ్లమ్‌ను చిన్నది చేయడమూ కుదరకపోతే, రెండే దారులు: ఎక్కువ మెమరీ ఉన్న ఒకే కార్డు, లేదంటే పనిని కార్డుల మధ్య పంచడం తెలిసిన కోడ్.

అపోహ: గేమింగ్ కార్డులు సైన్స్‌కు పనికిరావు, జవాబులు తప్పుగా వస్తాయి.

ఇందులో సగం నిజముంది. డబుల్ ప్రెసిషన్‌లో (ఒక్కో సంఖ్యకు 8 బైట్లు) 3090, 4090 లాంటి గేమింగ్ కార్డులు బాగా నెమ్మది, సింగిల్ ప్రెసిషన్ వేగంలో 64వ వంతు. 4090 సింగిల్‌లో 82 టెరాఫ్లాప్స్ (సెకనుకు 82 లక్షల కోట్ల లెక్కలు) ఇస్తుంది, డబుల్‌లో 1.3 దగ్గర ఆగుతుంది. డేటా సెంటర్ కార్డు ఏ100 డబుల్‌లో 9.7 ఇస్తుంది. మీ సాల్వర్ (సమీకరణాలు సాధించే ప్రోగ్రామ్) మొత్తం డబుల్ ప్రెసిషన్ లెక్కల మీదే నడిచేదైతే గేమింగ్ కార్డు కొనకండి. కానీ నెమ్మదిగా చేస్తుందంటే తప్పుగా చేస్తుందని కాదు. గ్రోమాక్స్ లాంటి మాలిక్యులర్ డైనమిక్స్ కోడ్‌లు మామూలుగానే మిక్స్‌డ్ ప్రెసిషన్‌లో (ఎక్కువ భాగం సింగిల్, అవసరమైన చోట డబుల్) నడుస్తాయి. నిద్ర మానుకుని భయపడే బదులు ఒక చిన్న కేసును సింగిల్‌లో, డబుల్‌లో నడిపి ఎనర్జీ ఎంత జారుతోందో పోల్చి చూడండి. ఒక పూట పని.

అపోహ: ఎస్ఎల్ఐ బ్రిడ్జి (గేమ్స్ కోసం రెండు కార్డులను జత చేసే ముక్క) లేకపోతే రెండో కార్డు పనిచేయదు. అది గేమ్స్ సంగతి. కార్డు మీద లెక్కలు నడిపే ఎన్‌వీడియా సాఫ్ట్‌వేర్ క్యూడాకు దానితో పని లేదు.

అపోహ: పదహారు లేన్లు లేకపోతే కార్డు దండగ. విడివిడి జాబ్స్‌కు ఎనిమిది లేన్లు చాలు. కార్డులు ఒకదానితో ఒకటి తెగ మాట్లాడుకునే కోడ్ అయితేనే థ్రెడ్‌రిప్పర్ ప్రో ప్రాసెసర్ లాంటి ఎక్కువ లేన్ల ప్లాట్‌ఫామ్ వైపు వెళ్లండి.

అపోహ: వాట్లు కూడి అంతే పవర్ సప్లై తీసుకుంటే చాలు. 3090 లెక్కకు 350 వాట్లే గానీ, క్షణకాలం అంతకన్నా బాగా ఎక్కువ లాగుతుంది. సప్లై బొటాబొటిగా ఉంటే అర్ధరాత్రి మెషీన్ చప్పుడు లేకుండా రీస్టార్ట్ అవుతుంది. వేడి కూడా అంతే. పక్కపక్క స్లాట్లలో రెండు ఓపెన్ ఫ్యాన్ కార్డులు బిగిస్తే కింది కార్డు వదిలిన వేడి గాలినే పైది పీలుస్తుంది. నేను మొదట్లో బిగించిన ఒక మెషీన్‌లో పై కార్డు రాత్రంతా క్లాక్ (వేగం) తగ్గించుకుని నడిచింది. పొద్దున చూస్తే కింది జాబ్ అయిపోయింది, పైది ఇంకా నడుస్తూనే ఉంది. అప్పటి నుంచి మధ్యలో ఒక స్లాట్ ఖాళీ వదలకుండా, లేదా గాలిని వెనక నుంచి బయటికి తోసే బ్లోయర్ కార్డులు పెట్టకుండా నేను కేస్ మూయను.

ఆ అమ్మాయి సంగతికొస్తే, కోడ్ తిరగరాయడానికి టైము లేదు. గ్రిడ్‌ను 896కు తగ్గించి చూశాం. ఎనిమిది అరేలూ కలిపి 21.4 జీబీ, ఒక కార్డులో పట్టాయి. ఆమెకు ఎలాగూ వేర్వేరు రేనాల్డ్స్ నంబర్లకు (ప్రవాహం తీరును చెప్పే సంఖ్య) ఫలితాలు కావాలి. ప్రోగ్రామ్‌కు ఏ కార్డు కనిపించాలో చెప్పే క్యూడా విజిబుల్ డివైసెస్ సెట్టింగును ఒక టెర్మినల్‌లో 0, ఇంకో దాంట్లో 1 అని పెట్టి రెండు జాబ్స్ వదిలాం. ఎన్‌వీడియా-ఎస్ఎమ్ఐ మళ్లీ తెరిస్తే రెండో వరుసలో 98 శాతం కనిపించింది. "సార్, కాసేపు ఇలాగే ఉంచండి" అంది.