బొమ్మల పెట్టెలో బిళ్ళ సెల్లు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నాది బొమ్మల దుకాణం. మా కార్ల క్లబ్బు ఏటా నవంబర్ 14 నాటికి బొమ్మలు పోగుచేసి ములుగు దిక్కు అంగన్‌వాడీలకు, హాస్టళ్ళకు తీసుకుపోతుంది. దసరాకు ఇళ్ళు దులిపేటప్పుడు అటకల మీది బొమ్మలన్నీ కిందికి దిగుతాయి, దిగినవన్నీ నా దుకాణం వెనక గదికి చేరతాయి. ఏరడం, కడగడం, పనికిరానివి పక్కన పడేయడం నా వంతు. వరుసగా కార్లు తోలి ఫొటోలు దిగేది మిగతావాళ్ళు. (నా కారు పాతది, ఎప్పుడూ చివర్లోనే పెడతారు.)

ఈసారి మూడో రోజుకే మళ్ళీ అదే మాట విన్నాను. క్లబ్బులో పెద్దాయన ఒకరు పాటలు పాడే ఏనుగుబొమ్మ తెచ్చారు. పొట్ట కింద సెల్లు (బ్యాటరీ) మూత లేదు, దాని జాగాలో ప్లాస్టర్ అంటించి ఉంది. ఇది వద్దు, అన్నా అంటే, "సెల్లు ఎప్పుడో అయిపోయింది తమ్మీ, పాట గూడ వస్తలేదు. ఏం గాదు, తీస్కో" అన్నారు.

అపోహ: సెల్లు అయిపోయింది కాబట్టి భయం లేదు

పాట పాడడానికి చాలనంత అయిపోయింది, అంతే. పసిగొంతు కాల్చడానికి అందులో మిగిలింది సరిపోతుంది.

బిళ్ళ సెల్లు, అంటే రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ, మింగితే లోపలి మందు కారి విషమవుతుందని చాలామంది అనుకుంటారు. కారనక్కర్లేదు. అన్నవాహికలో ఇరుక్కున్న సెల్లు నుంచి చుట్టూ ఉన్న తడిలోకి కరెంటు పారుతుంది. ఆ చోట కాస్టిక్ సోడా లాంటి క్షారం పుట్టి కండను కాలుస్తుంది. లోతైన గాయం కావడానికి రెండు గంటలు చాలు. అన్నిటికన్నా చెడ్డది సిఆర్2032 అనే లిథియం బిళ్ళ. కొలత పేరులోనే ఉంది: అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. చిన్న బిళ్ళలు చాలావరకు కడుపులోకి జారిపోతాయి, ఇది పసిపిల్లల గొంతు దాటక మధ్యలోనే ఆగిపోతుంది. కార్లున్నవాళ్ళకు దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. రిమోట్ తాళాల్లో చాలావాటికి ఉండేది ఇదే.

నాకీ సంగతి చదివితే తెలియలేదు. నాలుగేళ్ళ కింద పరకాలలో మా చెల్లె ఇంట్లో కూర్చొని, టీ తాగుకుంటూ కారు తాళం సెల్లు మార్చి, పాతది టీపాయ్ మీద పెట్టాను. ఇంట్లో ఏడాదిన్నర పిలగాడున్నాడన్న సోయి లేదు. కాసేపటికి వాడు చొంగ కార్చుడు మొదలుపెట్టాడు, అన్నం ముద్ద పెడితే ఉమ్మేస్తున్నాడు. మా చెల్లె అత్తమ్మ, "రూపాయి బిళ్ళ మింగినట్టుండు. అరటిపండు పెడితే పొద్దుగాల దొడ్డికి పోతది, ఏడ్వకు బిడ్డా" అన్నది. ఆమెను నేనేమీ అనను. ఆమె పిల్లలు మింగిన బిళ్ళలు అట్లనే పోయినయి. నేను టీపాయ్ దిక్కు చూశాను. సెల్లు లేదు.

హనుమకొండకు ముప్పై చిల్లర కిలోమీటర్లు. ఎట్లా తోలానో గుర్తులేదు. ఎక్స్‌రేలో డాక్టరు చూపించారు: రూపాయి అయితే అంచు ఒకటే గీతగా పడుతుందట, మావాడి గొంతులో ఉన్నదానికి ఒకదాని లోపల ఒకటి రెండు గీతలు. గొట్టం వేసి తీశారు. తొమ్మిది రోజులు ముక్కు గొట్టంలోంచే పాలు. ఇప్పుడు బడికి పోతున్నాడు, గొంతు మాత్రం కొంచెం బొంగురు. నేను ఇంటికి పోయినప్పుడల్లా "మామా, నీ తాళమేది?" అని అడుగుతాడు. వానికది ఆట.

అందుకే అడిగినా అడగకపోయినా ప్రతి ఏడూ చెబుతున్నాను. పిల్లలు సెల్లు మింగారని అనుమానమొస్తే చాలు, రుజువు కోసం ఆగొద్దు. పండు, అన్నం పెట్టొద్దు, వాంతి చేయించొద్దు. ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే పోవాలి, బండి లేకుంటే 108. చూడ్డానికి అది జలుబు, దగ్గులాగానే ఉంటుంది, మాటలు రాని పిల్లలు చెప్పనూ లేరు. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా అంతే తొందర.

ఇక బొమ్మ సంగతి. సెల్లు మూతకు స్క్రూ ఉండాలి, అది బిగిసి ఉండాలి. గోటితో తెరుచుకుంటే నా గది దాటదు. నడిస్తే లైట్లు వెలిగే చెప్పులు, పాటలొచ్చే గ్రీటింగ్ కార్డులు, ప్లాస్టిక్ దీపాలు అసలే తీసుకోను. "మేమిచ్చేది ఆరేళ్ళ పిల్లకు కదా" అంటారు. ఆ పిల్లకు ఇంట్లో తమ్ముడుంటాడు.

అపోహ: చైనా బొమ్మలన్నీ విషమే

పోయినేడు రాత్రి పదింటికి ఒక అంగన్‌వాడీ టీచరక్క ఫోన్ చేసింది. ఏదో ఫార్వర్డ్ చూసి, మేమిచ్చిన పెట్టె మొత్తం బీరువాలో పెట్టి తాళం వేసిందట. ఆమె భయం నాకు చులకన కాదు. ఆ గదిలో పిల్లలందరికీ ఆమే దిక్కు. కోపమంతా ఆ ఫార్వర్డ్ పుట్టించినోడి మీద. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, ఎక్కడ తయారైనా సరే. అటక మీది పాతవాటికి ఆ గుర్తు ఉండదు కాబట్టి రంగు పెచ్చులూడేవి, ఊడిపోయే కళ్ళున్నవి, విడిగా వచ్చే అయస్కాంతాలున్నవి మేం ముందే తీసేస్తాం. రెండు అయస్కాంతాలు మింగితే పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అదీ చిన్న ప్రమాదం కాదు. ఫోన్‌లోనే అక్కతో ఒక్కో బొమ్మా తిప్పించి చూపించుకున్నాను. పదకొండున్నర అయింది.

నిర్మల్ బొమ్మల మీద ఐఎస్‌ఐ లేదు కాబట్టి నకిలీవంటారు కొందరు. జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉన్నవాటికి, నమోదైన హస్తకళాకారుల పనికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాకపోతే వాటిని చేసే పొనికి చెక్క తేలిక, కిందపడితే విరుగుతుంది. షోకేసుకు అందం, పసిపిల్లల చేతికి వద్దు.

మిగతావి గబగబా. బొమ్మలిస్తే విరాళం కింద ఆదాయపు పన్ను తగ్గుతుందనుకుంటారు, తగ్గదు. వస్తువులకు అది వర్తించదు. ఆడపిల్లలకు బొమ్మరిళ్ళు, మగపిల్లలకు కార్లు అని విడివిడిగా కట్టి తెస్తారు, నేను విప్పి కలిపేస్తాను. పెట్టె తెరవగానే కార్ల కోసం ముందుగా ఎగబడేది ఆడపిల్లలే.

ఫొటోల మాట మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి. అనాథాశ్రమాల్లో ఉండే పిల్లల ముఖం, పేరు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో. "మంచి పనికి కదా అన్నా" అంటారు మా కుర్రాళ్ళు. కార్ల ఫొటోలు ఎన్నైనా దిగండి, నాదీ ఒకటి తీయండి.

ఈ ఆదివారం నుంచి దుకాణంలో పెట్టె పెడుతున్నాను. సెల్లు బొమ్మ తెచ్చేవాళ్ళు దాని మూత కూడా వెతికి తెండి. చాలాసార్లు అది మంచం కిందే ఉంటుంది. కారు తాళంలోంచి తీసిన పాత సెల్లు ఉంటే రెండు వైపులా టేపు చుట్టి నా చేతికివ్వండి, టేబుల్ మీద పెట్టి పోకండి.