దొంగనోటు నష్టం ఎవరిది? నోటు మీది గుర్తుల వెనుక నూట అరవై ఏళ్ల చరిత్ర

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి అమ్ముకున్న రైతు, చేతికి వచ్చిన ఐదు వందల నోట్లను మరునాడు బ్యాంకులో కట్టబోతే, వాటిలో ఒకటి దొంగనోటని క్యాషియర్ తేల్చాడనుకుందాం. ఆ నోటు ఇక రైతు చేతికి తిరిగి రాదు. దాని మీద ఐదు సెంటీమీటర్ల చదరపు ముద్ర వేసి బ్యాంకు తన దగ్గరే ఉంచుకుంటుంది, నోటు వివరాలు రాసి ఒక రసీదు ఇస్తుంది, ఖాతాలో మాత్రం ఆ ఐదు వందలు జమ కావు. ఒక్క విడతలో కట్టిన డబ్బులో నాలుగు నోట్ల దాకా నకిలీవి బయటపడితే ఆ నెల వివరాలన్నిటితో కలిపి పోలీసులకు నివేదిక వెళ్తుంది. ఐదు గాని, అంతకు మించి గాని ఉంటే అప్పుడే కేసు నమోదుకు పంపాలి. ఇవి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు, దేశమంతటికీ ఒక్కటే. ఆ నోటును ఎవరు అచ్చు వేశారో, ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలిసినా తెలియకపోయినా, చివరికి ఎవరి చేతిలో పట్టుబడితే నష్టం వారిదే.

ఈ నియమం లేకపోతే దొంగనోట్లు తెచ్చి మంచినోట్లు పట్టుకుపోయే దారి తెరుచుకుంటుంది కనుక దాన్ని తప్పుపట్టలేం. అయితే నోటును పరీక్షించే పని డబ్బు పుచ్చుకునే మామూలు మనిషి మీద ఇంతగా పడటం మొదటి నుంచీ ఉన్నది కాదు. అది ఎలా వచ్చిందో నోటు మీది గుర్తులే చెబుతాయి.

1861లో కాగితపు కరెన్సీ చట్టం వచ్చేదాకా మన వైపు బ్యాంక్ ఆఫ్ మద్రాస్ వంటి ప్రెసిడెన్సీ బ్యాంకులు నోట్లు జారీ చేసేవి. ఆ చట్టంతో ఆ హక్కు ప్రభుత్వం ఒక్కదానికే దక్కింది. విక్టోరియా రాణి బొమ్మతో వచ్చిన తొలి నోట్లు చేత్తో పోసిన కాగితం మీద, ఒక వైపు మాత్రమే, ఇంగ్లండులో అచ్చయ్యేవి. కాగితంలో నీటిగుర్తు, అచ్చువేసిన సంతకం, నోట్ల నమోదు అనే మూడే వాటికి రక్షణ. మొదటి వరుసలో పది రూపాయలకు తక్కువ నోటే లేదు. పైగా నోట్ల జారీ కోసం దేశాన్ని సర్కిళ్లు అనే ప్రాంతాలుగా విడగొట్టారు, ఒక సర్కిల్‌లో జారీ అయిన నోటు ఆ సర్కిల్‌లోనే చట్టబద్ధంగా చెల్లేది. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన కర్నూలు, కడప ప్రాంతాల్లో, 1882లో బళ్లారి నుంచి విడివడి జిల్లాగా ఏర్పడిన అనంతపురంలో సామాన్య రైతుకు నోటుతో పనిపడటం అరుదు. అతను ఎరిగినది వెండి రూపాయి. దాన్ని రాతి మీద వేసి మోత విని, మంచి చెడ్డలు తేల్చుకునేవాడు. నోటు వ్యవహారం షావుకార్లకు, ఖజానాకు మధ్య నడిచేది, దాని నిజానిజాలను తేల్చే పని కూడా ఎక్కువగా దస్త్రాలున్న చోటే జరిగేది.

ఆ రక్షణ ఎక్కువ కాలం నిలవలేదు. నకిలీలు వరుసగా బయటపడటంతో విక్టోరియా బొమ్మ నోట్లను ఉపసంహరించి, 1867లో రంగు అడుగుముద్ర, అంటే అక్షరాల అడుగున రంగులో వేసే నేపథ్యం, ఉన్న కొత్త నోట్లు తెచ్చారు. మెలికల ముగ్గులా ఒకదానిలో ఒకటి అల్లుకుపోయే సన్నని గీతల అల్లిక నోటు మీదికి వచ్చింది అప్పుడే. చేత్తో గీసేవాడికి ఆ మెలిక ఎక్కడో ఒకచోట తప్పక మానదు, యంత్రం గీసిన గీత తప్పదు. ఈనాటికీ మన నోటు నేపథ్యంలో కనిపించే అల్లికకు మూలం అదే.

సర్కిళ్ల హద్దు 1903, 1911 మధ్య చెరిగిపోయింది. ఐదు రూపాయల నోటుతో మొదలుపెట్టి పది, యాభై, వంద రూపాయల నోట్లు బ్రిటిష్ ఇండియా అంతటా చెల్లేలా చేశారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండికి కరువొచ్చి 1917లో ఒక రూపాయి నోటు రావడంతో కాగితం పల్లెల్లోకీ నడిచింది. కర్నూలు వాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా ఉండేది. తుంగభద్ర దాటితే అవతల అలంపురం వైపు నిజాం ఏలుబడి, అక్కడ నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కా చెలామణీలో ఉండేది, 1918 నుంచి నిజాం ప్రభుత్వం సొంతంగా కాగితపు నోట్లు కూడా వేసింది. ఏటికి రెండు పక్కలా వ్యాపారం చేసేవాడు రెండు రకాల డబ్బునూ, రెండు రకాల గుర్తులనూ ఎరిగి ఉండాల్సి వచ్చేది. నోటును చూసి పోల్చుకునే పని జనానికి మెల్లగా అలవాటైంది ఇలాంటి చోట్లనే అని నాకు అనిపిస్తుంది.

1928లో నాసిక్‌లో ముద్రణాలయం ఏర్పడింది, 1932 నాటికి మన నోట్లన్నీ అక్కడే అచ్చవుతున్నాయి. 1935లో రిజర్వు బ్యాంకు మొదలై, 1938లో ఆరో జార్జి బొమ్మతో తన తొలి నోటును, ఐదు రూపాయలది, విడుదల చేసింది. ఆ వెంటనే వచ్చిన రెండో ప్రపంచ యుద్ధం నోటు రూపాన్నే మార్చింది. జర్మనీ తన నిర్బంధ శిబిరంలోని ఖైదీల చేత బ్రిటిష్ పౌండ్లకు నకిలీలు చేయించిన సంగతి లోకానికి తెలుసు. జపాను కూడా భారతీయ నోట్లకు చాలా నాణ్యమైన నకిలీలు తయారు చేసిందన్నది అంతగా ప్రచారంలో లేదు. వాటి వల్లనే పక్కకు తిరిగి ఉన్న జార్జి నీటిగుర్తును తీసి, ఎదురుగా చూస్తున్న ముఖాన్ని పెట్టారు, కాగితంలో భద్రతా దారాన్ని మన దేశంలో తొలిసారి ఇమిడ్చారు. నోటును వెలుతురుకు ఎత్తి, గాంధీ బొమ్మ పక్కన నిలువుగా పోయే తీగ కోసం ఈరోజు మనం వెతుకుతున్నామంటే అది ఆ యుద్ధకాలపు దొంగనోట్లు నేర్పిన చూపు.

ఈ రెండు గుర్తులకూ ఆధారం కాగితమే కనుక దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నోటు కాగితం మామూలు కాగితంలా చెట్టు గుజ్జుతో చేసింది కాదు, పత్తి నారతో చేసింది. ఆదోని మార్కెట్‌కు పత్తి తోలే రైతులకూ, అక్కడి వ్యాపారులకూ ఇది చెబితే వెంటనే అర్థమవుతుంది: పింజను రెండు వేళ్ల మధ్య లాగి దాని పొడవునూ బలాన్నీ అంచనా వేసే చేతికి, కొత్త నోటు ఎందుకు గరగరలాడుతుందో, జేబులో తడిసినా ఎందుకు ముద్దైపోదో వేరే చెప్పనక్కర లేదు. ఆ నార ఇంకా తడి గుజ్జుగా ఉన్నప్పుడే, అచ్చు తొట్టెలో ఒకచోట పలచగా, ఒకచోట దట్టంగా పేరుకునేలా చేస్తే నీటిగుర్తు ఏర్పడుతుంది. అది సిరాతో వేసిన బొమ్మ కాదు, కాగితపు మందంలోని హెచ్చుతగ్గులే బొమ్మగా కనిపిస్తాయి. అందుకే అసలు నోటులో గాంధీ ముఖం వెలుగునీడలు ఒకదానిలోకి ఒకటి మెత్తగా కలిసిపోయి ఉంటాయి, వెలుతురుకు పెడితే తప్ప స్పష్టంగా కనిపించవు. కాగితం పైన తెల్లని సిరాతోనో జిడ్డుతోనో వేసిన బొమ్మ బల్ల మీద పెట్టినా కనిపిస్తుంది, అంచులు గీసినట్టు ఉంటాయి. దారం సంగతీ అంతే. అది కాగితం తయారయ్యేటప్పుడే లోపలికి పోతుంది, పైన అతికించిన వెండి రంగు పట్టీ గోరుతో గీకితే లేచిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక జార్జి ముఖం స్థానంలో అశోకుని సింహాలు వచ్చాయి. 1968లో హోషంగాబాద్‌లో నోటు కాగితపు మిల్లు మొదలైంది, అయినా ఎన్నో ఏళ్లపాటు కాగితంలో చాలా భాగం విదేశాల నుంచే వచ్చేది. 1969లో గాంధీ శతజయంతికి ఆయన కూర్చున్న బొమ్మతో నోట్లు వేశారు, 1987లో ఐదు వందల నోటు మీద ఆయన ముఖచిత్రం వచ్చింది. నకిలీల అడ్డగింపు విషయంలో మాత్రం ఈ దశాబ్దాల్లో చెప్పుకోదగిన పెద్ద మార్పు జరగలేదు.

మార్పు తెచ్చింది రంగుల జిరాక్స్ యంత్రం. అంతకుముందు దొంగనోటు చేయాలంటే చెక్కడం వచ్చిన పనివాడు కావాలి, అచ్చు యంత్రం కావాలి, నెలల తరబడి రహస్యంగా పని సాగాలి. రంగుల నకలు తీసే యంత్రాలు, ఆ తర్వాత స్కానర్లు వచ్చాక గీతల అల్లిక ఎంత సన్నగా ఉన్నా కంటికి దాదాపు అలాగే కనిపించేలా తీయడం తేలికైంది. కాబట్టి నకలు యంత్రం చూడలేనివేమిటో వెతకాల్సి వచ్చింది. యంత్రం నోటును ఒక్క కోణం నుంచి, ఒక్క పక్క నుంచి పడే వెలుతురులో మాత్రమే చూస్తుంది; దానికి స్పర్శ తెలియదు. 1996లో వచ్చిన మహాత్మా గాంధీ వరుస నోట్లలోని కొత్త గుర్తులు చాలావరకు ఈ లోపాన్ని ఆసరా చేసుకున్నవే. దారం కాగితంలో మునుగుతూ తేలుతూ సాగింది. కంటి ఎత్తులో నోటును పడుకోబెట్టి చూస్తే తప్ప కనిపించని దాగిన అంకె వచ్చింది. చూపు లేనివారు వేలితో పోల్చుకునే ఉబ్బెత్తు గుర్తులు వచ్చాయి. 2000 సంవత్సరంలో ఐదు వందల నోటు మీద రంగు మారే సిరా వచ్చింది, నోటును వంచినప్పుడు ఆకుపచ్చ నీలంగా మారేది అదే.

వీటిలో ఉబ్బెత్తు ముద్రణను నేను అన్నిటికన్నా విలువైనదిగా ఎంచుతాను, ఎందుకంటే దానికి దీపం అక్కరలేదు, చదువు అక్కరలేదు. చెక్కిన పలక గాళ్లలో సిరా నింపి, కాగితాన్ని దాని మీద విపరీతమైన ఒత్తిడితో అదిమితే సిరా కాగితం పైకి లేచి గట్టిపడుతుంది. గాంధీ ముఖచిత్రం, అశోక స్తంభ చిహ్నం ఇలా అచ్చయినవే. 2015లో నోటు రెండు అంచుల వద్దా ఏటవాలు గీతలు కూడా చేర్చారు. ఇప్పటి నోట్లలో వంద మీద నాలుగు గీతలు, రెండు వందల మీద నాలుగు గీతల మధ్య రెండు సున్నలు, ఐదు వందల మీద ఐదు గీతలు ఉంటాయి. వంద మీద త్రికోణం, ఐదు వందల మీద గుండ్రటి గుర్తు వేలికి తగులుతాయి.

గుర్తులు పెట్టినవాళ్లే వాటిని పాడుచేసిన కాలం కూడా ఒకటి ఉంది. 2001 దాకా బ్యాంకులు నోట్ల కట్టలకు గట్టి పిన్నులు కొట్టేవి, కట్ట విప్పేటప్పుడు నోట్లు చిల్లులు పడి చిరిగేవి. కట్టలో ఎన్ని నోట్లున్నాయో పైనోటు మీద, తరచు నీటిగుర్తు ఉండే తెల్లని భాగంలోనే, పెన్నుతో రాసేవారు. జనమూ అదే అలవాటు నేర్చి ఫోన్ నంబర్లు, పద్దులు అక్కడే రాసుకున్నారు. దొంగనోటును పట్టించే చోటునే ఇలా దశాబ్దాల పాటు మాటుచేయడం ఎంత నష్టం చేసిందో లెక్క కట్టినవారు లేరు. కట్టలకు కాగితపు పట్టీలే వేయాలని 2001లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది, ఆ భాగం మీద రాయవద్దని కూడా చెప్పింది.

2005 వరుసలో వెనుక వైపు ముద్రణ సంవత్సరం వేయడం మొదలైంది. అంతకుముందు వరుసల నోట్లలో భద్రత తక్కువన్న కారణంతో, సంవత్సరం లేని నోట్లను వెనక్కి తీసుకుంటామని 2014 జనవరిలో ప్రకటించారు. 2016 నవంబరు 8న పాత ఐదు వందలు, వెయ్యి నోట్లను రద్దు చేసినప్పుడు చెప్పిన కారణాల్లో దొంగనోట్ల బెడద ఒకటి. రిజర్వు బ్యాంకు లెక్కల ప్రకారం 2016-17లో బ్యాంకుల్లో పట్టుబడిన నకిలీ నోట్లు 7.62 లక్షలు, 2023-24లో 2.22 లక్షలు. ఇవి బ్యాంకు దాకా వచ్చి దొరికినవి మాత్రమే, సంతల్లో తిరిగేవి ఈ లెక్కలోకి రావు. కొత్త వరుసలో ఐదు వందల నోటు పాతదానికన్నా చిన్నదై 150 మిల్లీమీటర్ల పొడవుకు తగ్గింది, రెండు వందలది 146, వందది 142. ఎత్తు మూడింటికీ 66 మిల్లీమీటర్లే. నోటుకూ నోటుకూ పొడవులో తేడా నాలుగు మిల్లీమీటర్లే కావడంతో, కొలతను బట్టి పోల్చుకునే అంధులకు ఇది కష్టమైంది. మా వైపు చదువురాని పెద్దవాళ్లు కూడా చాలాకాలంగా నోటును రంగుతోనూ కొలతతోనూ గుర్తుపట్టేవారు. రెండూ ఒక్కసారే మారిపోవడంతో వాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. భాషల పట్టీలో ఉర్దూకు పైన, కింది నుంచి రెండో వరుసలో, తెలుగులో రాసిన మొత్తం ఉంటుందని ఎంతమందికి చూపించామో ఆలోచించాలి.

నిజం తేల్చే బలమైన సాధనాలు ఈలోగా యంత్రాల వైపు వెళ్లిపోయాయి. అతినీలలోహిత దీపం కింద మామూలు కాగితం నీలితెలుపుగా మెరుస్తుంది, నోటు కాగితం మెరవదు, దానిలోని రంగు నారపోగులూ నంబరు పట్టీ మాత్రం వెలుగుతాయి. వంద, ఆ పైబడిన నోట్లను యంత్రంలో సరిచూశాకే మళ్లీ కౌంటర్లలో, ఏటీఎంలలో ఇవ్వాలని బ్యాంకులకు నియమం ఉంది. అంటే బ్యాంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు నోటుకు పరీక్ష ఉంది, తిరిగి బ్యాంకులోకి వెళ్లేటప్పుడూ ఉంది. మధ్యలో మండీలో, చీకటితోనే మొదలయ్యే గొర్రెల సంతలో, సాయంత్రం లారీ కదిలే తొందరలో లెక్కబెట్టే కట్టలకు ఏ దీపమూ లేదు. అక్కడ మిగిలేది వేలికి తగిలే గీతలే, అవి కూడా నోటు పాతబడేకొద్దీ అరిగిపోతాయి. పంట కొనుగోలు డబ్బు చేతులు మారే ప్రతి యార్డులోనూ అమ్మినవారు ఉచితంగా వాడుకునేలా ఒక అతినీలలోహిత దీపం ఉంచడం మార్కెట్ కమిటీలకు పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టం విషయంలో ఒక మాట రైతులందరికీ తెలియాలి. 1899లో శిక్షాస్మృతిలో చేరిన దొంగనోట్ల సెక్షన్ల సారం 2024 జులై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 178 నుంచి 181 దాకా ఉన్న సెక్షన్లలో ఉంది. నకిలీదని తెలిసి ఇంకొకరికి చెల్లించడం యావజ్జీవ శిక్ష దాకా వెళ్లగల నేరం కనుక, మోసపోయిన మనిషి ఆ నోటును సంతలో ఎవరికైనా అంటగట్టి నష్టం పూడ్చుకోవాలనుకుంటే తానే నేరస్థుడవుతాడు. అదే సమయంలో, నకిలీ నోటు దగ్గర ఉన్నా అది న్యాయమైన దారిలో వచ్చిందని రుజువు చేసుకుంటే నేరం కాదని 180వ సెక్షన్ వివరణ చెబుతోంది. నోటు తెచ్చినవారు సంతకం పెట్టడానికి ఒప్పుకోకపోయినా బ్యాంకు రసీదు ఇచ్చి తీరాలి. ఆ రసీదునూ, సరుకు అమ్మినప్పుడు మండీలో ఇచ్చిన చీటీనీ కలిపి దాచుకోవాలి. ఐదు వందలు తిరిగి రాకపోయినా, రేపు పోలీసులు అడిగితే ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపడానికి రైతు దగ్గర ఉండేవి ఆ రెండు కాగితాలే.