బడి ఈడులోనే బరిలోకి: చెన్నై అనుభవం

2024 డిసెంబరులో సింగపూర్‌లో 18 ఏళ్ల గుకేశ్ ప్రపంచ చదరంగ విజేత అయ్యాక, చెన్నైలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రుల మధ్య ఒక పాత ప్రశ్న మళ్లీ మొదలైంది. ఆటలో అసాధారణమైన నేర్పు కనబరుస్తున్న పిల్లవాణ్ణి బడి మాన్పించి ఆటనే వృత్తిగా చేపట్టనివ్వవచ్చా? గుకేశ్‌ది ఈ నగరంలోని తెలుగు కుటుంబమే కావడం, అతడు నాలుగో తరగతి తర్వాత పూర్తికాలం బడికి వెళ్లకపోవడం ఆ ప్రశ్నకు బలమిచ్చాయి.

ఈ నగరానికి అందులో చేదు అనుభవమూ ఉంది. లెగ్ స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్ 1983లో వెస్టిండీస్‌లో తొలి టెస్టు ఆడేనాటికి అతడికి 17 ఏళ్లే. మరుసటి ఏడాది బొంబాయిలో ఇంగ్లండ్‌పై ఒకే టెస్టులో 12 వికెట్లు తీసినప్పుడు, రాబోయే పదిహేనేళ్లూ అతడివేనని అభిమానులు నమ్మారంటే అందులో వింతేమీ లేదు. కానీ 1986 జనవరిలో, 20 ఏళ్ల వయసులో, అతడు తన చివరి టెస్టు ఆడేశాడు. మొత్తం 9 టెస్టులు, 26 వికెట్లు. లెగ్ స్పిన్ ఏళ్ల తరబడి దెబ్బలు తిని కుదురుకునే విద్య. ఆ కుదురు చిక్కకముందే అంతటి భారం ఒక కుర్రవాడి భుజాన పడిందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అదే దశాబ్దంలో విశ్వనాథన్ ఆనంద్ 18 ఏళ్లకు, 1988లో, దేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయి కూడా లయోలా కళాశాలలో కామర్స్ డిగ్రీ పూర్తి చేశాడు. నేటి పోటీలో అంత వెసులుబాటు దొరకడం కష్టం. గుకేశ్ 2019 జనవరిలో 12 ఏళ్ల 7 నెలలకే ఆ హోదా అందుకున్నాడు.

టెన్నిస్ మాత్రం దెబ్బతిని నేర్చుకుంది. అమెరికాకు చెందిన జెన్నిఫర్ కాప్రియాటి 1990లో, 14 నిండడానికి కొద్ది రోజుల ముందే వృత్తి క్రీడలో అడుగుపెట్టి, 16 ఏళ్లకు ఒలింపిక్ స్వర్ణం గెలిచి, ఆ మరుసటి ఏడాది చివరికల్లా ఆటకు దూరమైంది. ఆ నేపథ్యంలోనే మహిళల టెన్నిస్ సంఘం 1995 నుంచి, 18 నిండేవరకు ఏ వయసులో ఎన్ని టోర్నీలు ఆడవచ్చో పరిమితులు విధించింది. కాప్రియాటి తిరిగివచ్చి 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. అయినా అంతటి పునరాగమనం ఎందరికి సాధ్యం? చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ హోదాకు కనీస వయసంటూ లేదు.

మన చట్టం విషయానికి వస్తే, 2016లో సవరించిన బాలకార్మిక చట్టం క్రీడలను మినహాయించింది గానీ, దానివల్ల బడి చదువు దెబ్బతినకూడదని షరతు పెట్టింది. 18 నిండనివారు స్వయంగా ఒప్పందం చేసుకోలేరు కనుక, సంతకం చేసే పెద్దల వివేకమే పిల్లలకు రక్షణ.

ఆ పెద్దలు మోసే బరువు గురించి చర్చ తక్కువ. గుకేశ్ వెంట టోర్నీలకు తిరగడానికి చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన తండ్రి రజనీకాంత్ తన వృత్తిని పక్కన పెట్టారు. ఇల్లు తల్లి పద్మ సంపాదనపై నడిచింది. ప్రపంచ విజేత అయ్యాక తమిళనాడు ప్రభుత్వం 5 కోట్ల రూపాయల నజరానా ప్రకటించింది. డబ్బుకు కటకటలాడిన 2017, 2018 సంవత్సరాల్లో ఆ కుటుంబానికి చేయూతనిచ్చింది మాత్రం తల్లిదండ్రుల స్నేహితులే.